ఆకలి సీటు మీద కర్చీఫు

తమిళ పంచాంగపు పెరటాసి నెల వచ్చిందంటే తిరుపతి, చిత్తూరు ఇళ్లల్లో శనివారం ఒక్కపొద్దు మామూలే. పొద్దున కాఫీ నీళ్లు గొంతులో పోసుకుని, స్వామికి తళిగ (నైవేద్యం) వేసేదాకా మరేమీ ముట్టరు. ఒక్కపొద్దు అలవాటున్న వాళ్లను కదిలిస్తే చాలామంది చెప్పే మాట ఒకటుంది. ఒంటిగంట ప్రాంతంలో కడుపులో ఎలుకలు పరిగెడతాయి. ఆ గంట, గంటన్నర ఓర్చుకుంటే చాలు, తర్వాత ఆకలి దానంతటదే అణిగిపోతుంది. మూడింటికి ఏమైనా తింటావా అని అడిగితే 'ఇప్పుడేం వద్దులే' అంటారు. కడుపులోకి మెతుకు కూడా పోలేదు. మరి ఆకలి ఎక్కడికి పోయినట్టు?

పొట్టలో తయారయ్యే గ్రెలిన్ అనే హార్మోన్ దీనికి చాలావరకు జవాబు చెబుతుంది. 1999లో జపాన్‌లో మసయాసు కోజిమా, కెంజి కంగావా దీన్ని పట్టుకున్నారు. నిజానికి వాళ్లు ఆకలి హార్మోన్ కోసం వెతకలేదు. గ్రోత్ హార్మోన్‌ను విడుదల చేయించే రిసెప్టర్ (హార్మోన్ వచ్చి వాలే చోటు) ఒకటి మెదడులో ఉందని అప్పటికే తెలుసు. దాని మీద వాలే సహజ హార్మోన్ ఏదన్నదే తేలలేదు. వెతగ్గా వెతగ్గా అది ఎలుక పొట్టలో దొరికింది. 28 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, దానికి కొవ్వు ఆమ్లంతో చేసిన ఒక తోక. ఆ తోక లేని గ్రెలిన్ ఈ రిసెప్టర్ దగ్గర చెల్లదు. భోజనం వేళకు ముందు రక్తంలో గ్రెలిన్ పెరుగుతుంది, తిన్నాక తగ్గుతుంది. ఒక రోజుకు పైగా ఏమీ పెట్టకుండా ఉంచి రక్తం పరీక్షించినప్పుడు కూడా మామూలు భోజనం వేళకు పెరిగి, వేళ దాటాక తగ్గిపోయింది. అంటే అది కడుపు ఖాళీని ఒక్కదాన్నే కాదు, గడియారాన్ని కూడా చూస్తుందన్నమాట. ఒక్కపొద్దు వాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నదే రక్తపరీక్షలోనూ కనబడింది.

ఆ హార్మోన్ మెదడులో ఎక్కడ వాలుతుందో తెలిశాక మందుల కంపెనీలకు ఆశ పుట్టకుండా ఉంటుందా? వాలే చోట అడ్డం పడితే ఆకలి పుట్టదు, తిండి తగ్గుతుంది, ఒళ్లు తగ్గుతుంది. ఒక్క గ్రెలిన్ అనే కాదు, మెదడులో ఆకలితో సంబంధం ఉన్న ప్రతి రిసెప్టర్ మీదా ఈ లెక్కే వేశారు. పాతికేళ్లలో ఆ లెక్క చాలాసార్లు తప్పింది. తప్పిన తీరు చూస్తే ఆకలి గురించే ఎక్కువ తెలుస్తుంది.

పండగ ముందురోజు తిరుపతి బస్టాండులో మదనపల్లె బస్సు వచ్చి ఆగీ ఆగకముందే కిటికీలోంచి కర్చీఫు పడుతుంది. జనం ఎక్కుతూనే ఉంటారు, కర్చీఫు ఉన్న సీట్లో మాత్రం కూర్చోరు. రిసెప్టర్‌ను అడ్డగించే మందు చేసేది సరిగ్గా ఇదే. రిసెప్టర్ అంటే కణం పైపొర మీద ఉండే ప్రోటీన్ సీటు. హార్మోన్ వచ్చి కూర్చుంటే కణం లోపల పని మొదలవుతుంది. అడ్డగించే మందు ముందుగా వచ్చి సీటు ఆక్రమిస్తుంది, తాను ఏ పనీ చేయదు, హార్మోన్‌ను చేయనివ్వదు. ఇంకో రకం మందు ఉంది. అది హార్మోన్ లాగే సీట్లో కూర్చుని హార్మోన్ పనే చేస్తుంది, అసలు హార్మోన్ కంటే చాలా ఎక్కువసేపు. ఇప్పుడు ఊరంతా చెప్పుకుంటున్న బరువు తగ్గే ఇంజెక్షన్లలో పనిచేసేది ఈ రెండో రకమే. మెడికల్ షాపు దగ్గర వినిపించే 'ఆకలిని బ్లాక్ చేసే సూది' అన్న మాట అందుకే తప్పు. ఇది పట్టింపు కోసం చెప్పే తేడా కాదు. కర్చీఫు మందులు ఒకదాని తర్వాత ఒకటి దెబ్బతిన్నాయి, కూర్చునే మందులు నిలబడ్డాయి.

బాదంగింజంత చోటు

మెదడు అడుగుభాగాన హైపోథాలమస్ ఉంటుంది. బాదంగింజంత. అందులో ఆర్క్యుయేట్ అనే ఇంకా చిన్న ముక్కలో రెండు రకాల నాడీకణాలు పక్కపక్కనే కాపురం చేస్తుంటాయి. ఏజీఆర్‌పీ కణాలు ఆకలిని లేపుతాయి. పీఓఎంసీ కణాలు చాలు చాలు అంటాయి. గ్రెలిన్ వచ్చి రెచ్చగొట్టేది మొదటి రకాన్ని. కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోన్ మొదటి రకాన్ని అణచి, రెండో రకాన్ని లేపుతుంది. ఈ రెండు రకాల కణాలూ తమ తగువును ఎంసీ4ఆర్ అనే ఒకే రిసెప్టర్ దగ్గరికి తీసుకుపోతాయి. పీఓఎంసీ కణాల నుంచి వచ్చిన హార్మోన్ అక్కడ కూర్చుంటే తిండి మీద ఆశ తగ్గుతుంది. ఏజీఆర్‌పీ వచ్చి ఆక్రమిస్తే పెరుగుతుంది. ఏజీఆర్‌పీ అంటే మెదడు తన సీటు మీద తానే వేసుకునే కర్చీఫు. ఇక్కడ సీటును అడ్డగిస్తే ఆకలి పెరుగుతుంది, తగ్గదు. కాబట్టి 'ఆకలి రిసెప్టర్‌ను బ్లాక్ చేయడం' అన్న మాట వినగానే ఏ రిసెప్టర్ అని అడగాలి.

ఎంసీ4ఆర్ సీట్లో కూర్చుని పనిచేసే సెట్‌మెలనొటైడ్ అనే మందుకు 2020 నవంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. అయితే అది జన్యులోపం వల్ల ఈ గొలుసు ఎక్కడో తెగిపోయిన బహు కొద్దిమందికే.

ఏజీఆర్‌పీ కణాల సంగతి కాస్త ఆగి చూడదగ్గది. పెద్ద ఎలుకల్లో వీటిని నాశనం చేస్తే అవి తిండి మానేసి చిక్కి శల్యమయ్యాయి. అవే కణాలను పుట్టిన కొత్తలోనే తీసేస్తే పెద్ద తేడా ఏమీ రాలేదు, పిల్ల ఎలుకలు మామూలుగా తిని పెరిగాయి. మెదడు పక్కదారి వేసుకుంది. తినడమన్నది ప్రాణం నిలబెట్టే పని కాబట్టి ప్రకృతి దాన్ని ఒక్క తీగ మీద వేలాడదీయలేదు. ఇంకో వింత: ఆకలిగొన్న ఎలుక కంటికి తిండి కనబడగానే, ఇంకా నోట పెట్టకముందే, ఈ కణాలు చల్లబడతాయని 2015లో తేలింది. అన్నం వడ్డిస్తున్నారని తెలియగానే సగం ఆరాటం తగ్గే మనిషికి ఇది కొత్తగా ఏమీ అనిపించదు.

ఒక్క సీటు మీద కర్చీఫు వేస్తే ఏమవుతుందో మనుషుల్లో తేల్చిన పరీక్ష 2006లో బయటికొచ్చింది. ఏజీఆర్‌పీ కణాలు వదిలే ఎన్‌పీవై అనే రసాయనం ఆకలిని గట్టిగా లేపుతుంది. అది వాలే వై5 అనే రిసెప్టర్‌ను అడ్డగించే మాత్రను మెర్క్ కంపెనీ 1661 మంది లావున్న వాళ్ల మీద ఏడాదిపాటు పరీక్షించింది. మందు సరిగ్గా చేరాల్సిన చోటికే చేరింది. గణాంకాల్లో తేడా కూడా కనిపించింది. బరువు కాటా మీద మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒక సీటు ఆపితే ఆకలి పక్క సీట్లో కూర్చుని ప్రయాణం చేసింది.

గ్రెలిన్ తెచ్చిన తిరకాసు

గ్రెలిన్ విషయంలో ఇంకా పెద్ద తిరకాసు ఉంది. లావుగా ఉన్నవాళ్లలో గ్రెలిన్ ఎక్కువగా ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. కొలిస్తే తక్కువగా ఉంది. ఒళ్లు పెరిగిన కొద్దీ పొట్ట తన వంతుగా హార్మోన్ తగ్గించుకుంటుంది. తగ్గి ఉన్నదాన్ని ఇంకా అడ్డుకుంటే వచ్చే లాభం ఎంత? గ్రెలిన్‌కు వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టించే టీకాను సైటోస్ అనే స్విట్జర్లాండ్ కంపెనీ తయారుచేసింది. యాంటీబాడీలు పుట్టాయి. బరువు తగ్గలేదు. 2006లో ఆ దారి మూసుకుపోయింది.

ఈ సీటుకు ఇంకో పేచీ ఉంది. గ్రెలిన్ రిసెప్టర్ హార్మోన్ రాకపోయినా తనంతట తాను దాదాపు సగం వేగంతో పనిచేస్తూనే ఉంటుంది. స్టాండులో ఇంజిన్ ఆపకుండా నిలబెట్టిన బస్సు లాగా. ఖాళీ సీటు మీద కర్చీఫు వేసినంత మాత్రాన ఇంజిన్ ఆగదు, తాళం తిప్పే మందు కావాలి. అలాంటి పదార్థం మన ఒంట్లోనే ఉందని 2018లో బయటపడింది. లీప్2 అనే ఆ హార్మోన్ కాలేయంలో, చిన్నపేగులో తయారవుతుంది. గ్రెలిన్ సీటును ఆక్రమించి, ఆ సగం వేగాన్ని కూడా తగ్గిస్తుంది. ఉపవాసంలో ఇది తగ్గుతుంది, తిన్నాక పెరుగుతుంది, గ్రెలిన్‌కు సరిగ్గా ఎదురు. కర్చీఫు ఆలోచన మనిషికి కొత్తగా వచ్చిందేమీ కాదు, ఒళ్లు ముందే చేస్తోంది.

మరి గ్రెలిన్‌ను అడ్డుకోవడం పూర్తిగా దండగేనా? ఇక్కడ తొందరపడకూడదు. 2002లో డేవిడ్ కమింగ్స్ బృందం ఆరు నెలల డైటింగ్‌తో బరువులో 17 శాతం తగ్గించుకున్న వాళ్లను పరీక్షిస్తే, రోజు మొత్తం మీద గ్రెలిన్ 24 శాతం పెరిగినట్టు కనిపించింది. 2011లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన అధ్యయనం ఇంకా నిరుత్సాహపరిచేది. 50 మందికి పది వారాలు చాలా తక్కువ తిండి పెట్టి బరువు తగ్గించారు. ఏడాది గడిచాక చూసినా గ్రెలిన్ పాత స్థాయికి దిగలేదు, లెప్టిన్ పాత స్థాయికి ఎక్కలేదు, వాళ్లకు ఆకలి ముందుకంటే ఎక్కువే ఉంది. తగ్గిన ప్రతి కిలోకూ ఒళ్లు వడ్డీతో సహా బాకీ అడుగుతోందన్నమాట. కష్టపడి తగ్గిన మనిషి ఆర్నెల్లకు మళ్లీ మొదటికొస్తే 'నోరు కట్టుకోలేకపోయాడు' అని ఇంట్లోనే అంటారు. ఆ మాట అనేవాళ్లకు ఈ అధ్యయనం చదివి వినిపించాలి. గ్రెలిన్‌ను అడ్డుకునే మందుకు పని ఉంటే గింటే తగ్గించే దశలో కాదు, తగ్గినదాన్ని నిలబెట్టే దశలో ఉండొచ్చు. తొలి పరీక్షలు మాత్రం ఎక్కువగా తగ్గించడం మీదే జరిగాయి.

ఇదే హార్మోన్‌ను అటువైపు నుంచి వాడేవాళ్లూ ఉన్నారు. క్యాన్సర్‌తో తిండి సయించక చిక్కిపోయే రోగుల కోసం గ్రెలిన్ సీట్లో కూర్చుని ఆకలి పుట్టించే అనామొరెలిన్ అనే మాత్రకు 2021లో జపాన్ అనుమతినిచ్చింది. ఇక ప్రేడర్-విల్లీ అనే జన్యు సమస్యతో పుట్టిన పిల్లల్లో గ్రెలిన్ చాలా ఎక్కువగా ఉంటుంది. తీరని ఆకలి, వంటింటికి తాళం వేయక తప్పనంత. గ్రెలిన్ దారిలో నడిచే మందు ఎక్కడైనా పనిచేయాలంటే ఇక్కడ చేయాలి. ఆ దారిలో వచ్చిన లివొలెటైడ్ 2020లో పరీక్ష తప్పింది. చివరికి 2025 మార్చిలో ఈ ఆకలికి అమెరికాలో అనుమతి దొరికిన మందు డయాజాక్సైడ్ కోలిన్. అది ఏ హార్మోన్ సీటునూ ఆక్రమించదు, కణాల్లో పొటాషియం వెళ్లే ద్వారాలను తెరిచి ఉంచుతుంది.

లడ్డూకు ఎప్పుడూ చోటుంటుంది

తిరుమల లడ్డూ 175 గ్రాములు. అన్నప్రసాదం కడుపునిండా తిని వచ్చి, ఆ లడ్డూ విరిచి నోట్లో వేసుకునేవాళ్లను ఆకలిగా ఉందా అని అడిగితే నవ్వుతారు. అది ఆకలి కాదు. రుచి, భక్తి, సంతోషం, చిన్ననాటి జ్ఞాపకం, అన్నీ కలిసిన వేరే కోరిక. మెదడులో దాని దారులు వేరు. కడుపు నిండాక కూడా తినిపించేది ఈ దారే కాబట్టి దీన్ని మూస్తే ఎలా ఉంటుందన్న ఆలోచనతో వచ్చిన మందే రిమోనబాంట్. ఆకలి మందుల చరిత్రలో ఎక్కువసేపు ఆగాల్సిన చోటు ఇదే.

గంజాయి తాగిన వాళ్లకు విపరీతంగా ఆకలేస్తుందని అందరికీ తెలుసు. గంజాయి మత్తు పదార్థం మెదడులో వాలే చోటును సీబీ1 రిసెప్టర్ అంటారు. మన ఒంట్లోనే తయారయ్యే గంజాయి లాంటి పదార్థాలు మామూలుగా ఆ సీటు వాడుకుంటాయి. దాన్ని అడ్డగిస్తే తిండి మీద యావ తగ్గాలి. సనోఫీ కంపెనీ తెచ్చిన రిమోనబాంట్ నిజంగానే తగ్గించింది. యూరప్‌లో 1507 మంది మీద జరిగిన పరీక్షలో 20 మిల్లీగ్రాముల మాత్ర వేసుకున్నవాళ్లు ఏడాదిలో సగటున 6.6 కిలోలు తగ్గారు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లు 1.8 కిలోలు. నడుము చుట్టుకొలత తగ్గింది, మంచి కొలెస్టరాల్ పెరిగింది. 2006 జూన్‌లో యూరప్ అనుమతినిచ్చింది. మన దేశంలోనూ ఈ మందు కొన్నాళ్లు దుకాణాల్లోకి వచ్చింది.

దెబ్బ వేరే వైపు నుంచి పడింది. సీబీ1 మెదడులో అతి ఎక్కువగా ఉండే రిసెప్టర్లలో ఒకటి. అది తిండి రుచికి మాత్రమే కాపలా కాయదు. భయం తగ్గడానికి, నిద్రకు, బాధ మరవడానికి, ఊరికే హాయిగా అనిపించడానికి కూడా అదే సీటు. మందు వేసుకున్న వాళ్లలో దిగులు, ఆందోళన పెరిగాయి. ఆత్మహత్య ఆలోచనల ఫిర్యాదులు వచ్చాయి. 2007 జూన్‌లో అమెరికా సలహా సంఘం 14-0 ఓట్లతో మందును తిరస్కరించింది. 2008 అక్టోబరులో యూరప్ అమ్మకాలు ఆపేయించింది. అదే బాటలో ఉన్న మెర్క్, ఫైజర్ కంపెనీలు తమ మందుల పరీక్షలను కొద్ది వారాల తేడాలో కట్టిపెట్టాయి. 2009లో భారత ప్రభుత్వం రిమోనబాంట్‌ను నిషేధించింది.

మందు పనిచేయక పోలేదు, పనిచేసే పోయింది. లడ్డూ మీద ఆశను తీసేసే చేయి మిగతా సంతోషాలను కూడా తడిమింది. మెదడులో 'ఇది తిండి సీటు, ఇది మనసు సీటు' అని బోర్డులు రాసి ఉండవు. మెదడు మీద పనిచేసే ఏ కొత్త ఆకలి మందు వచ్చినా మొదట అడగాల్సిన ప్రశ్న ఎన్ని కిలోలు తగ్గిస్తుందన్నది కాదు, ఆ రిసెప్టర్ ఇంకా ఏమేం చేస్తుందన్నది.

ఈ దారిని పూర్తిగా వదిలేయలేదు. మెదడులోకి పెద్దగా చొరబడకుండా కాలేయం, కొవ్వు, పేగుల్లోని సీబీ1నే పట్టుకునే మందు మోన్లునబాంట్. దీని కోసం నోవో నార్డిస్క్ 2023లో ఒక కెనడా కంపెనీనే కొనేసింది. 2024 సెప్టెంబరులో వెల్లడించిన ఫలితాల ప్రకారం రోజుకు 10 మిల్లీగ్రాముల మాత్రతో 16 వారాల్లో 7.1 కిలోలు తగ్గారు, ఉత్తుత్తి మాత్రతో 0.7 కిలోలు. కానీ ఆందోళన, చిరాకు, నిద్ర పట్టకపోవడం మళ్లీ కనిపించాయి, డోసు పెరిగేకొద్దీ ఎక్కువగా. తలుపు బయటే ఉంటానన్న మందు ఎంతో కొంత లోపలికి తొంగిచూసిందని అనుమానించక తప్పదు.

మెదడు మీద పనిచేసిన మరికొన్ని పాత మందుల గురించి ఇక్కడ రెండు ముక్కలు చాలు. ఫెన్‌ఫ్లూరమైన్ గుండె కవాటాలను పాడుచేసి 1997లో పోయింది. సిబుట్రమైన్ గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతుందని తేలి 2010లో అమెరికా, యూరప్‌ల్లో, 2011లో మన దేశంలో పోయింది. లోర్కసెరిన్ క్యాన్సర్ అనుమానంతో 2020లో పోయింది. సిబుట్రమైన్ మాత్రం పోయినట్టే పోయి, 'ఆయుర్వేద', 'హెర్బల్' అని అమ్మే బరువు తగ్గే పొడుల్లో కల్తీగా ప్రపంచమంతటా పట్టుబడుతూనే ఉంది. గోడల మీద, కరెంటు స్తంభాల మీద '15 రోజుల్లో 10 కిలోలు' అని అంటించే కాగితాల వెనక ఏ పొడి ఉందో పరీక్షించకుండా ఎవరూ చెప్పలేరు. అది నిజంగా పనిచేసిందంటే భయపడాల్సింది మరింత ఎక్కువ.

కూర్చున్న మందులు

జీఎల్‌పీ-1 అనే పేగు హార్మోన్ తిన్నాక విడుదలవుతుంది. ఒంట్లో అది నిలిచేది కొద్ది నిమిషాలే. ఊరంతా చెప్పుకునే ఇంజెక్షన్లలో ఒకటైన సెమాగ్లుటైడ్ అదే సీట్లో కూర్చుని వారం రోజులు పనిచేస్తుంది. ఇది మెదడంతా తిరగదు. మెదడుకు రక్తం నుంచి వచ్చే పదార్థాలను ఆపే గోడ కొన్నిచోట్ల పలచగా ఉంటుంది. మెదడు కాండం దగ్గర వాంతిని పుట్టించే భాగం, హైపోథాలమస్ అంచు అలాంటివే. మందు ఆ కిటికీల దగ్గర నిలబడి లోపలికి కబురు పంపుతుంది. ఆకలి తగ్గడమూ, వికారం పుట్టడమూ పక్కపక్క ఇళ్లు కావడం వల్లే ఈ మందుతో మొదట్లో వాంతులు ఎక్కువ. డోసును నెలనెలా మెల్లగా పెంచేది ఇందుకే.

68 వారాల పరీక్షలో సెమాగ్లుటైడ్ వాడినవాళ్లు సగటున 14.9 శాతం బరువు తగ్గారు, ఉత్తుత్తి మందు వాడినవాళ్లు 2.4 శాతం. జీఎల్‌పీ-1తో పాటు జీఐపీ అనే ఇంకో పేగు హార్మోన్ సీట్లోనూ కూర్చునే టిర్జెపటైడ్ ఎక్కువ డోసులో 72 వారాలకు 20.9 శాతం దాకా తగ్గించింది. కర్చీఫు మందులు కలలో కూడా చూడని అంకెలు ఇవి. ఎందుకంత తేడా? ఆకలిని పుట్టించే దారులు చాలా ఉన్నాయి, ఒకటి మూస్తే ఇంకోటి తెరుచుకుంటుంది. జీఎల్‌పీ-1 మందులు ఏ ఒక్క దారినీ మూయవు. తిన్నాక ఒళ్లు తానే పంపే 'చాలు' అన్న కబురును గట్టిగా వినిపిస్తాయి. ఆపడం కంటే ఒప్పించడం సులువైనట్టుంది.

అంతా అర్థమైపోయింది అనుకునేలోపు జీఐపీ వచ్చి లెక్క తారుమారు చేసింది. టిర్జెపటైడ్ జీఐపీ సీట్లో కూర్చుని పనిచేస్తుంది. ఆమ్‌జెన్ కంపెనీ తయారుచేసిన మారిటైడ్ అదే సీటు మీద కర్చీఫు వేసి, జీఎల్‌పీ-1 సీట్లో మాత్రం కూర్చుంటుంది. ఒకే రిసెప్టర్, రెండు పూర్తిగా ఎదురు పనులు. రెండింటికీ బరువు తగ్గింది! నెలకొక్క ఇంజెక్షన్‌తో మధుమేహం లేనివాళ్లు 52 వారాల్లో సగటున 20 శాతం దాకా తగ్గారని 2025లో ఫలితాలు వచ్చాయి. దీనికి వివరణలు రెండు మూడు నడుస్తున్నాయి. ఎడతెగకుండా కూర్చునే మందు వల్ల కణం విసిగి ఆ సీటునే లోపలికి లాగేసుకుంటుందని, చివరికి అది అడ్డగించినట్టే అవుతుందని ఒకటి. మెదడులో ఒక రకం కణాల మీద ఒక మందు, ఇంకో రకం మీద ఇంకోటి పనిచేస్తున్నాయని మరొకటి. జీఐపీ రిసెప్టర్ లేని ఎలుకలు కొవ్వు తిండి పెట్టినా లావెక్కవని 2002లోనే తెలుసు. ఆకలి రిసెప్టర్లను అడ్డగించే మందుల్లో ఇప్పటిదాకా నిలిచే లక్షణం కనబడుతున్నది ఈ ఒక్కదాంట్లోనే. అదీ ఒంటరిగా కాదు, జీఎల్‌పీ-1 తోడుతో.

ఇక ఇక్కడి సంగతి. ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023లో ప్రకటించిన లెక్కల ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 28.6 శాతం మందికి స్థూలకాయం ఉంది, పొట్ట చుట్టూ కొవ్వు లెక్కన చూస్తే 39.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం మంది స్త్రీలు, 31.1 శాతం మంది పురుషులు ఉండాల్సినదానికంటే బరువున్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత చెప్పింది. మనవాళ్లకు కొలత కూడా వేరు. బీఎంఐ (ఎత్తును బట్టి బరువును కొలిచే లెక్క) 25 దాటితే, నడుము మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే స్థూలకాయం కింద లెక్క. 165 సెంటీమీటర్ల ఎత్తు, 70 కిలోల బరువున్న మనిషిని మన ఊళ్లో ఎవరూ లావు అనరు. బీఎంఐ 25.7 వస్తుంది. అయినా ఈ ఇంజెక్షన్లకు రాసిన అర్హత అది కాదు: బీఎంఐ 30, లేదా బీపీ, షుగర్ లాంటివి తోడుంటే 27. పెళ్లి నాలుగు నెలలు ఉందనగా అయిదు కిలోలు తగ్గాలనుకునే వాళ్లకోసం తయారైన మందులు కావివి.

2025 మార్చిలో టిర్జెపటైడ్ దేశంలోకి వచ్చినప్పుడు వారానికి వేసుకునే 5 మిల్లీగ్రాముల వయల్ ధర 4,375 రూపాయలు. నెలకు 17,500. 2026 మార్చితో సెమాగ్లుటైడ్ పేటెంట్ గడువు తీరి, దేశీ కంపెనీలకు దారి తెరుచుకుంది. ధర తగ్గితే మంచిదే. కానీ చవకైన కొద్దీ డాక్టరు చీటీ లేకుండా అమ్మే చేతులు కూడా పెరుగుతాయి, ఆ టెన్షన్ డాక్టర్లలో కనబడుతోంది. మందు ఆపిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చాయని సెమాగ్లుటైడ్ పరీక్షే చూపింది. అంటే కొనేముందు లెక్క వేయాల్సింది ఒక నెల ఖర్చు కాదు.

మన పళ్లెం గురించి ఇంకో మాట. సగటు భోజనంలో అన్నం ఎక్కువ, పప్పు పలచన. ఆకలి సగమైతే మనిషి అన్నంతో పాటు ఆ కాస్త పప్పునూ సగం చేస్తాడు. తగ్గే బరువులో కొవ్వు ఒక్కటే పోదు, కండ కూడా పోతుంది. అందుకని తినే ఆ కొద్దిలోనే గుడ్డు, పెరుగు, ఉలవలు, అనపగింజలు ముందు పడాలి, అన్నమో సంగటో తర్వాత. సంక్రాంతి ముందు చిత్తూరు ఇళ్లల్లో, నానబెట్టి తోలు పితికిన అనపగింజలతో చేసే పితికిపప్పు ఈ మందులు వాడేవాళ్లకు వంక లేని కూర. నూనె మాత్రం చూసుకోవాలి, ఈ మందుతో కొవ్వు తిండి పడితే వికారం ఎక్కువవుతుంది.

మళ్లీ శనివారం ఒక్కపొద్దు దగ్గరికే వస్తే, ఈ మందు వాడేవాళ్లకు ఒంటిగంట ఆకలి రాకపోవచ్చు. ఉపవాసం తేలికైందని సంతోషపడేలోపు చూసుకోవాల్సింది ఒకటుంది. షుగర్ ఉన్నవాళ్లు చాలామంది గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర కూడా వేసుకుంటారు. అది తిన్నా తినకపోయినా ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. కడుపులో ఏమీ లేకుండా, ఆ మాత్రా ఈ ఇంజెక్షనూ కలిసి ఉండగా, అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కితే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. చెమటలు, వణుకు, గుండెదడ మెట్లెక్కిన ఆయాసమే అనిపిస్తాయి. ఒక్కపొద్దు రోజుల్లో గ్లిమెపిరైడ్ డోసు ఎంత తగ్గించాలో, మానేయాలో డాక్టరును ముందే అడగాలి. నీళ్లు మానే ఉపవాసం ఈ మందులతో పనికిరాదు, వాంతులు కూడా తోడైతే కిడ్నీల మీద పడుతుంది. ఇంజెక్షన్ వారం శనివారమే అయితే దాన్ని ఇంకో రోజుకు జరుపుకోవచ్చు: రెండు డోసుల మధ్య సెమాగ్లుటైడ్‌కు కనీసం రెండు రోజులు, టిర్జెపటైడ్‌కు మూడు రోజులు ఎడం ఉంటే సరిపోతుంది.